లంకెబిందెల్లో కూలీ వాటా

2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తి దగ్గర వెంచర్ కోసం భూమి చదును చేస్తుంటే బంగారు, వెండి నగలున్న బిందె బయటపడింది. పెంబర్తి ఇత్తడి పనికి పేరున్న ఊరు. ఆ రెండు మూడు రోజులు మాత్రం టీవీల్లో ఆ బిందె గురించే. అధికారులు వచ్చారు, నగలు తూకం వేశారు, పంచనామా రాశారు, తీసుకెళ్లారు. అప్పుడు మా వాళ్లంతా రెండుగా చీలిపోయారు. ‘భూమి ఆయన కొనుక్కున్నాడు, బిందె ఆయనదే’ అని కొందరు, ‘భూమిలో దొరికింది ఏదైనా సర్కారుదే’ అని కొందరు. వాదన రాత్రి దాకా నడిచింది కానీ, ఆ చదును పని చేస్తున్నవాళ్ల సంగతేమిటని ఒక్కరూ అడగలేదు.

నా వాదన వాళ్ల గురించే. సొంత భూమిలో నిధి దొరికితే అందులో పెద్ద వాటా ముందుగా చూసినవాడిది. మన దేశంలో అది చాలాసార్లు రోజు కూలికి వచ్చినవాడు, వచ్చినామె. భూమి యజమానికి చిన్న వాటా దక్కాలి. వస్తువు మాత్రం ఎవరి బీరువాలోకీ పోకూడదు. మ్యూజియంలో ఉండాలి, దాని పూర్తి ఖరీదు వీళ్లిద్దరికీ అందాలి. ఇదేదో నా కొత్త ఆలోచన కాదు. ఇందులో సగం ఎప్పటినుంచో చట్టంలోనే ఉంది, ఎవరూ చదవరు.

అది 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ యాక్ట్. భూమిలోగానీ, భూమికి అంటుకుని ఉన్న గోడలాంటి వాటిలోగానీ దాచి ఉన్న విలువైనది ఏదైనా దాని లెక్కలో నిధే. పది రూపాయలకు మించిన విలువైనది దొరికితే, ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ రోజు అన్నది కలెక్టరుకు రాసి ఇవ్వాలి. దొరికిన దాన్ని దగ్గర్లోని ట్రెజరీలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తానని పూచీకత్తు ఇవ్వాలి. కలెక్టరు నోటీసు వేస్తాడు. హక్కుదారులు ఎవరైనా ఉంటే రమ్మని నాలుగు నెలలకు తక్కువ కాకుండా, ఆరు నెలలకు మించకుండా గడువు పెడతాడు. ఎవరూ రాకపోతే, వచ్చినవాళ్ల హక్కు రుజువు కాకపోతే, దాన్ని యజమాని లేని సొత్తుగా ప్రకటిస్తాడు. ఆ తర్వాత పంపకం. దొరికినవాడికీ భూమి యజమానికీ మధ్య ముందే ఒప్పందం ఉంటే దాని ప్రకారం. లేకపోతే ముప్పాతిక వంతు దొరికినవాడికి, పాతిక వంతు భూమి యజమానికి.

ముప్పాతిక వంతు! ఈ మాట చెబితే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. అంతా సర్కారుదే అని తరాలుగా అనుకుంటున్నాం, అందుకే భయపడి దాచేస్తున్నాం. చట్టం ప్రకారం ప్రభుత్వం తీసుకోవాలంటే డబ్బు కట్టి తీసుకోవాలి. ఆ డబ్బు లెక్కలోనే అసలు అన్యాయం ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు పల్నాడులో మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో జరిగింది చెప్పాలి. నేను పదో తరగతిలో ఉన్నాను. మాకు దూరపు చుట్టమైన ఒకాయన పాత మట్టిమిద్దె పడగొట్టి స్లాబు ఇల్లు కట్టుకుంటున్నాడు. పునాది తీస్తుంటే ఓ కూలీ ఆమె పారకు రాగి చెంబు తగిలింది. మూతికి లక్కో, మైనమో, నల్లగా గట్టిపడిపోయి ఉందట. మధ్యాహ్నానికల్లా పని ఆపించేశారు. సాయంత్రం మేస్త్రీ చేత కూలీలకు తలా కొంత డబ్బు ఇప్పించి, నోరు మెదపొద్దన్నారు. ఆమెకు అదనంగా ఒక చీర పెట్టారు. ఆ రాత్రి ఆమె మా అమ్మమ్మ దగ్గరికొచ్చి గుమ్మం బయటే కూర్చుంది. ‘ముందు నా పారకే తగిలింది అమ్మగారూ. వాళ్లు నాకు లోపలేముందో కూడా చూపించలేదు’ అంది. అమ్మమ్మ ఏం చెప్పగలదు? ‘పోనీలేవే, పోలీసులు గీలీసులు అంటే నీకే తలనొప్పి’ అని మజ్జిగ ఇచ్చి పంపింది.

చెంబులోని బంగారం వారం తిరగకుండా టౌనులో కంసాలి మూసలో కరిగిపోయింది. ఒక్క నాణెం మాత్రం వాళ్లింటి పిల్లలు మాకు చూపించారు. చిటికెన వేలి గోరంత ఉంది. మందంగా, అంచులు సరిగ్గా గుండ్రంగా లేకుండా, ఓ పక్క రెండు తలల పక్షి. రెండో పక్క నాగరిలో ఏవో అక్షరాలు. చాలా ఏళ్ల తర్వాత ఒక మ్యూజియం అద్దాల పెట్టెలో అలాంటి పక్షినే చూశాను. గండభేరుండం, అచ్యుతదేవరాయల నాణెం. అచ్యుతరాయలు అంటే కృష్ణదేవరాయల తమ్ముడు, 1529 నుంచి 1542 దాకా పాలించాడు. ఆ చెంబులో అలాంటివి ఎన్ని ఉన్నాయి, వాటితోపాటు ఇంకా ఏ రాజుల నాణేలు ఉన్నాయి, అన్నిటికంటే కొత్తది ఏది? ఈ మూడూ తెలిస్తే ఆ చెంబును ఎప్పుడు పాతిపెట్టారో, ఆ ఊళ్లో అప్పుడు ఏ డబ్బు చలామణిలో ఉండేదో తెలిసేది. బంగారం గాజులైంది. ఆ ఊరి కథ ఆవిరైపోయింది.

ఆ ఇంటాయన దుర్మార్గుడేం కాదు. కబురు బయటికి పొక్కితే అంతా లాక్కుపోతారు, పైగా కేసు అనుకున్నాడు. ఆ టెన్షన్‌లో మన ఊళ్లలో చాలామంది అదే చేస్తారు. చెప్పకపోతేనే కేసు అని ఆయనకు తెలియదు. 1878 చట్టం ప్రకారం దొరికిన సంగతి దాచినవాడి వాటా ప్రభుత్వానికి పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. అందుకు తోడ్పడిన భూమి యజమాని వాటా కూడా పోతుంది, అతనికి ఆరు నెలల దాకా శిక్ష. చెబితే ఏం దక్కుతుందో మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

భూమి యజమానుల పక్షాన బలమైన వాదనే ఉంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యను. మన పాత దానశాసనాల్లో భూమి ఇచ్చేటప్పుడు ‘నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములనే అష్టభోగ స్వామ్యములతో’ అని రాసేవారు. విజయనగర కాలం రాగిరేకుల్లో ఈ వరస మళ్లీ మళ్లీ కనబడుతుంది. అంటే పొలంతోపాటు పొలం కింద నిధి కూడా ఇచ్చినట్టే. నేల కింద ఏమున్నా పట్టాదారుదే అనే నమ్మకం మన ఒంట్లో అక్కడినుంచే ఇంకింది. ఖనిజాల విషయంలో 2013లో సుప్రీంకోర్టు కూడా, ఏదైనా చట్టం ఆ హక్కును తీసేస్తే తప్ప, నేల కింద ఖనిజం నేల యజమానిదేనని ఓ కేరళ కేసులో చెప్పింది. మరి బిందె విషయంలో యజమానికి పాతికేనా?

అవును, పాతికే. ఎందుకంటే ఎకరం కొనేటప్పుడు ఎవరూ బిందె ధర కట్టి కొనరు. రోడ్డు పాయింటు చూస్తారు, నీళ్లు చూస్తారు, ధర కడతారు. పైగా ఇప్పటి పట్టాదారు నిన్న కొన్నవాడు కావచ్చు, రేపు ప్లాట్లుగా అమ్మేసేవాడు కావచ్చు. పాతిపెట్టినవాడితో అతనికి ఏ చుట్టరికమూ లేదు. అయినా పాతిక ఎందుకు ఇవ్వాలంటే, దొరికాక నష్టపోయేది అతనే. పని ఆగిపోతుంది, జనం వచ్చి తొక్కుతారు, అధికారులు తాడు కట్టి మళ్లీ తవ్వుతారు. వాటా లేకపోతే అతను నోరు తెరవడు, కూలీని కూడా తెరవనివ్వడు.

పాతిపెట్టినవాడి వారసులైతే వేరే సంగతి. పాతిపెట్టి నూరేళ్లు దాటలేదనిపిస్తే, వారసులం అని వచ్చినవాళ్లు సివిల్ కోర్టులో దావా వేసుకోవడానికి కలెక్టరు గడువు ఇవ్వాలని చట్టంలో ఉంది. ఇది పుస్తకాల్లో మిగిలిపోయే విషయం కాదు. 1947-48లో రజాకార్ల భయంతో ఇళ్లు వదిలి పారిపోయినవాళ్లు ఎంతమంది పెరట్లో, పొయ్యి కింద, గోడలో నగలు దాచి వెళ్లారో తెలంగాణలో ఏ ముసలివాళ్లను అడిగినా చెబుతారు. కొందరు తిరిగొచ్చి తీసుకున్నారు. కొందరికి చోటు గుర్తులేదు, కొందరు తిరిగి రానేలేదు. అలాంటి మూట ఇవాళ దొరికితే అది ఇంకా ఓ కుటుంబం సొత్తే. 1816లో పిండారీ దోపిడీ ముఠాలు గుంటూరు మీద పడ్డప్పుడు దాచినదైతే ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

అసలు కూలీకి వాటా ఏమిటి, పని చేసినందుకు కూలి ఇచ్చాం కదా అని నాతో చాలామంది అన్నారు. కూలి ఇచ్చింది మట్టి తీసినందుకు. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు గనిగానీ, రత్నంగానీ, నిధిగానీ దొరికిందని తెలిపినవాడికి ఆరో వంతు ఇమ్మన్నాడు, అతను జీతగాడైతే పన్నెండో వంతు ఇమ్మన్నాడు. జీతగాడికి సగమే ఇచ్చాడన్నది నిజం, లక్షకు మించిన నిధి మొత్తం రాజుదే అన్నదీ నిజం. కానీ జీతానికి పనిచేస్తూ చూసినవాడికి కూడా వాటా ఉందని అంత పాత పుస్తకమే ఒప్పుకుంది. మనం చీర పెట్టి సరిపెడుతున్నాం.

2024 జులైలో కేరళలోని కన్నూరు జిల్లా చెంగళాయిలో ఉపాధి హామీ కూలీలు ఓ రబ్బరు తోటలో వాన నీటి గుంతలు తవ్వుతుంటే ఓ పాత్ర దొరికింది. తోట ప్రైవేటుది, కూలీలు ఆడవాళ్లు. బాంబేమోనని ముందు దూరంగా విసిరేశారు. పగిలి చూస్తే బంగారు నగలు, పూసలు, వెండి నాణేలు. వాళ్లు పంచుకోలేదు, దాచుకోలేదు, పంచాయతీకి, పోలీసులకు చెప్పారు. అంతమందిలో ఒక్కరైనా కొంగున ముడేసుకుని ఉంటే ఎవరికి తెలిసేది? ఇంత నిజాయితీ చూపించిన చోట ‘కనుగొన్నవారు’ అన్న గడిలో ఆ ఆడవాళ్లందరి పేర్లూ ఉండాలి. పని పెట్టించిన ఆఫీసు పేరు కాదు, తోట యజమాని పేరు కాదు. జేసీబీ విషయంలోనూ అంతే. బకెట్‌లో మెరుపు చూసి బండి ఆపిన డ్రైవరే కనుగొన్నవాడు, బండి ఓనరు కాదు.

ఇప్పుడు డబ్బు లెక్క. చట్టంలో సెక్షన్ 16 ఉంది. దొరికిన నిధిని ప్రభుత్వం తీసుకోవాలనుకుంటే దానిలోని లోహం, రాళ్ల విలువ కట్టి, దాని మీద ఇంకో అయిదో వంతు కలిపి ఇస్తే చాలు. మూడు గ్రాముల పైచిలుకు ఉండే వరాహ అనే బంగారు నాణేనికి మూడు గ్రాముల బంగారం ధర, పైన ఇరవై శాతం. అది ఏ రాజుదో, ఎంత అరుదో లెక్కలోకే రాదు. ఇంతకంటే దారుణం సీసం విషయంలో. శాతవాహనుల నాణేలు చాలావరకు సీసంవి, పోటిన్ అనే మిశ్రమ లోహంవి. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో గోదావరి ఒడ్డున దొరికిన నాణేలను సంగనభట్ల నరహరి ఏరి దాచారు, పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివారు. గోబద, నారన, సమగోప లాంటి, అంతకుముందు చరిత్రలో లేని పేర్లు వాటి మీద బయటపడ్డాయి. చిముక నాణేలూ అక్కడ దొరికాయి. పురాణాల్లో శాతవాహనులకు మూలపురుషుడని చెప్పే శిముకుడే అతను. తొలి శాతవాహనుల చిరునామా గోదావరి ఒడ్డుకు మార్చిన నాణేలివి. సెక్షన్ 16 తూకంలో వాటి విలువ వల అడుగున కట్టే సీసపు గుండు విలువే! నివేదించాల్సిన పది రూపాయల హద్దు కూడా దాటవు. 1878లో రూపాయి అంటే తులం వెండి, పది రూపాయలంటే పది తులాల వెండి. ఇవాళ అదే పదికి ఒక టీ వస్తుంది, అంతే. హద్దు అంకె మారలేదు, విలువ కట్టే పద్ధతీ మారలేదు.

కంసాలి ఆ బంగారానికి అదే ధర ఆ సాయంత్రమే చేతిలో పెడతాడు. ప్రభుత్వం ఇరవై శాతం ఎక్కువిస్తానంటుంది, కానీ ఎప్పుడిస్తుందో చెప్పదు. నోటీసు గడువే నాలుగు నెలలు. రెక్కాడితేగానీ డొక్కాడని మనిషి ఎటు పోతాడు? మూస వైపే పోతాడు. 1946లో భరత్‌పూర్ సంస్థానంలో బయానా దగ్గర గుప్తుల బంగారు నాణేల బిందె దొరికినప్పుడు 1,821 నాణేలు చేతికి దక్కాయి. మిగతావి కబురు తెలిసేలోపే కరిగిపోయాయి.

ఇంగ్లండులో ఈ చిక్కును చాలావరకు విప్పారు. 1996 చట్టం ప్రకారం దొరికిన పద్నాలుగు రోజుల్లో కరోనర్ అనే విచారణాధికారికి చెప్పాలి. మ్యూజియం కావాలంటే, స్వతంత్ర కమిటీ మార్కెట్ ధర కడుతుంది. మామూలుగా ఆ డబ్బు దొరికినవాడికి సగం, భూమి యజమానికి సగం. అంతకు ముందే, 1992లో, సఫోక్‌లోని హాక్స్‌న్ ఊళ్లో ఎరిక్ లాస్ అనే పెద్దాయన రైతు స్నేహితుడు పారేసుకున్న సుత్తి కోసం మెటల్ డిటెక్టర్‌తో వెతుకుతూ రోమన్ల నాటి బంగారం, వెండి చూశాడు. కొంచెం తీసి, ఇంకా ఉందని తెలియగానే తవ్వడం ఆపేసి కబురు చేశాడు. అందువల్ల పురావస్తువాళ్లు వచ్చి, ఏది దేని పక్కన ఉందో రాసుకుంటూ, పెట్టెలో సర్దినది సర్దినట్టే తీయగలిగారు. దాదాపు పదిహేను వేల నాణేలు, బంగారు గొలుసులు, చెంచాలు. పదిహేడున్నర లక్షల పౌండ్లు బహుమతి ఇచ్చారు. అప్పటి పద్ధతిలో అది కనుగొన్నవాడికే, అయినా ఆయన రైతుకూ పంచాడు. నిధితోపాటు ఆ సుత్తి కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

అక్కడ దొంగలు లేరని కాదు. 2015లో హెర్‌ఫర్డ్‌షైర్‌లో ఇద్దరు వైకింగ్ కాలపు నిధి దొరికితే దాచేశారు. మూడు వందల నాణేలని అంచనా, విచారణ నాటికి పోలీసులకు చిక్కినవి 31. ఆ కొద్దిలోనే వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్, మెర్సియా రాజు చెయోల్‌వుల్ఫ్ ఇద్దరూ వేయించిన, ఇద్దరు చక్రవర్తులు పక్కపక్కన కూర్చున్న ఒకే తరహా బొమ్మ ఉన్న నాణేలు ఉన్నాయి. ఆ రాజులిద్దరి పొత్తు గురించి చరిత్రకారులు మళ్లీ ఆలోచించాల్సి వచ్చింది. 2019లో నిధి దాచిన ఆ ఇద్దరికీ పదేళ్లు, ఎనిమిదిన్నరేళ్లు జైలు పడింది, తర్వాత అప్పీలులో కొంత తగ్గింది. చెప్పి ఉంటే న్యాయంగానే లక్షల పౌండ్లు వచ్చేవి. మంచి ధర ఉన్న చోట దాచినవాడిని శిక్షించే నైతిక హక్కు ప్రభుత్వానికి ఉంటుంది. ఇనప సామాను లెక్కన తూకం వేసి ఇచ్చే చోట ఆ హక్కు బలహీనపడుతుంది.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో నన్ను నిజంగా ఆలోచింపజేసేది ఒక్కటే. మంచి ధర ఇస్తే గుప్తనిధుల ముఠాలు ఇంకా రెచ్చిపోవా? కర్నూలు, ప్రకాశం జిల్లాల్లో పాడుపడ్డ గుళ్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నంది కింద తవ్వుతారు, గర్భగుడిలో పీఠం పెకలిస్తారు, అమావాస్య పూజలంటారు. ఆ మూఢనమ్మకంతో మనుషుల ప్రాణాలు తీసిన కేసులు కూడా ఉన్నాయి. కాబట్టి వాటా యాదృచ్ఛికంగా దొరికిన దానికే ఉండాలి. ఫ్రాన్సు పాత సివిల్ కోడ్ కూడా నిధి అంటే కేవలం అదృష్టవశాత్తు కనబడినదే అంది. పునాది తీస్తుంటే, దున్నుతుంటే, బోరు వేస్తుంటే తగిలినదానికి పూర్తి ధర. గుడిలోనో, కోటలోనో, మరొకరి పొలంలోనో రాత్రిపూట తవ్వినదానికి పైసా లేదు, జైలే. ఈ గీత గీయడం కష్టం కాదు, పంచనామాలో చోటు చూస్తేనే తెలిసిపోతుంది.

నిధి ఆశ పెద్దవాళ్లను కూడా పాడు చేసింది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో అమరావతి దగ్గర దీపాలదిన్నె అనే దిబ్బను జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు కట్టడాలకు రాళ్ల కోసం, లోపల ఏదో ఉంటుందన్న ఆశతో తవ్వారు. అది మహాస్తూపం. 1798లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ వచ్చి చూసేసరికే చెక్కిన పలకలు చాలా చెదిరిపోయాయి. మిగిలినవి ఇవాళ లండన్‌లో, చెన్నైలో చూడాలి. ఇక మన కాలంలో, 2017 డిసెంబరులో, కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో ప్రభుత్వమే నిధి కోసం తవ్వించింది. ఎముకలు, ఇటుక ముక్కలు దొరికాయి. ప్రభుత్వమే లంకెబిందెల కోసం యంత్రాలు పెట్టి తవ్విస్తే, తవ్వకూడదని జనానికి ఏ ముఖంతో చెబుతుంది? నిధిని అంతా ప్రభుత్వానికే ఒదిలేద్దాం అనేవాళ్లతో నేను ఏకీభవించలేకపోవడానికి ఇదొక కారణం.

కాబట్టి నేను అడిగేవి పెద్దవేం కాదు. సెక్షన్ 16లో లోహం ధర తీసేసి పురావస్తువుగా మార్కెట్ ధర పెట్టాలి, అది కట్టేది కలెక్టరేటు కాకుండా నాణేలు, విగ్రహాలు తెలిసినవాళ్ల కమిటీ కావాలి. దొరికిన వారంలోనే కొంత అడ్వాన్సు చేతికి ఇవ్వాలి, కంసాలితో పోటీ అక్కడే. దొరికిన వస్తువును జిల్లా దాటించకుండా ఆ చుట్టుపక్కల మ్యూజియంలోనే పెట్టి, కింద ఊరి పేరు, కనుగొన్న మనిషి ఒప్పుకుంటే ఆ పేరు రాయాలి. ట్రెజరీ లాకరులో పడేసి మర్చిపోతే కరిగించినదానికీ దానికీ పెద్ద తేడా లేదు.

చట్టం మారేదాకా ఉన్నదాన్నే వాడుకోవచ్చు. మీ ఇంటి పునాదిలో ఏదైనా తగిలితే పని ఆపించండి. కడగొద్దు, తోమొద్దు, మట్టి దులపొద్దు, ఉన్నచోట ఉండగానే ఫోన్‌తో ఫోటోలు తీయండి. ఊళ్లో రెవెన్యూ ఉద్యోగికి నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. కలెక్టరుకు స్పీడ్ పోస్టులో రాయండి, నకలు దాచుకోండి. అప్పగించేటప్పుడు ప్రతి వస్తువూ లెక్కపెట్టించి, పంచనామా కాపీ అడిగి తీసుకోండి. ఆ ఉత్తరంలో ‘దొరికింది’ అని ఊరికే రాయొద్దు. పార ఎవరి చేతిలో ఉందో ఆమె పేరు, ఇంటి పేరు, ఊరు పూర్తిగా రాసి, ఆమె చేత సంతకమో, వేలిముద్రో పెట్టించి, ఒక కాపీ ఆమెకు ఇవ్వండి.